కరువాట్లో కలిపిన మందు

ధనంజయకు కోపం ఎక్కువ అని ఊరంతా అంటుంది. అనేవాళ్ళలో సగం మంది ఆ మాటను మెచ్చుకోలుగా అంటారు. వసంతమ్మకు ఒళ్ళు మండేది అక్కడే. మగవాడికి కోపం వస్తే నిప్పులాంటి మనిషట, అదే ఆడదానికి వస్తే గయ్యాళట! పదహారేళ్ళుగా ఆ నిప్పు పక్కనే కాపురం చేస్తోంది తను. మెచ్చుకునేవాళ్ళను ఒక్క వారం వచ్చి ఆ ఇంట్లో ఉండి చూడమనండి.

కొట్టే మనిషి కాదు ధనంజయ. ఆ మాట ఆమె ఎవరి ముందైనా చెబుతుంది. చెయ్యి ఎత్తడు. కానీ తప్పు ఒకటి దొరికిందంటే వదలడు. ఆడబిడ్డ పెళ్ళిలో పాయసం అడుగంటి పదకొండేళ్ళయింది. ఆ సంగతి ఈనాటికీ పాకాల సంతలో ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కూడా చెబుతాడు. పోయినేడు గేదెదూడను ఆమె సరిగ్గా కట్టలేదని, అది బావి దగ్గర జారి కాలు విరగ్గొట్టుకుందని బస్సు కండక్టరుకు చెప్పాడు. ఆమె పక్క సీట్లో కూర్చుని ఉండగానే చెప్పాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి మరీ విన్నాడు. ఆ రోజు బస్సు దిగి ఎటైనా పోదామా అనిపించింది వసంతమ్మకు.

ఆ ఇంట్లో ఆయన గొంతు పెంచని ప్రాణి ఒక్కటే ఉంది. అది కుక్క. నాలుగేళ్ళ కిందట ఎద్దుల కోసమని పలమనేరు సంతకు వెళ్ళి, ఎద్దులు కుదరక, తువ్వాలులో కుక్కపిల్లను చుట్టుకొని వచ్చాడు. రాజా అని పేరు పెట్టాడు. ఊళ్ళో వాళ్ళు పలమనేరోడు అన్నారు. రెండు నెలలు తిరిగేసరికి రాజా అని పిలిస్తే అది తల కూడా తిప్పడం మానేసింది. తెచ్చింది ఆయనే అయినా అది తిరిగేది వసంతమ్మ వెనకే. ఆమె చేలో కలుపు తీస్తుంటే గట్టు మీద కూర్చునేది. ఎవరైనా కొత్త మనిషి దారిన వస్తుంటే లేచి నిలబడేది. మొగుడికి చెప్పలేనివన్నీ ఆమె దానికే చెప్పుకునేది. అది ఇంకెవరికీ చెప్పేది కాదు మరి.

ఆ కుక్క తిన్న మందు పెట్టింది వసంతమ్మే.

కావాలని పెట్టలేదు. ఆ ఏడు వేరుశనగ కాయ పట్టే వేళకు చేని గట్ల నిండా, అక్కడి మాటలో గెనిమల నిండా, ఎలుకలు. వ్యవసాయం ఆఫీసు మనిషి ఊరికి వచ్చి నల్లపొడి పొట్లాలు పంచాడు. నూకల్లో చుక్క నూనె వేసి, ఈ పొడి కలిపి కన్నాల్లో పెట్టి మట్టితో మూయమన్నాడు. పొట్లం మీది అక్షరాలు పైకి చదివాడు. పొరపాటున ఎవరి నోట్లోనైనా పడితే నూనె, నెయ్యి, పాలు ఇవ్వొద్దని, చింతపండు పులుసు పోయొద్దని, పొట్లంతో సహా వెంటనే ఆసుపత్రికి పొమ్మని. అయిదో తరగతి చదివిన వసంతమ్మ ఇంటికొచ్చి దాన్ని మళ్ళీ చదువుకుంది.

నూకల్ని ఎలుకలు ముట్టలేదు. రెండుసార్లు పెట్టినా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పుడామెకు వంటింటి అటక మీది కుండ గుర్తుకొచ్చింది. అందులో ఎండుచేపలుంటాయి, కరువాడు అంటారు అక్కడ. ఇంటి ఎలుకలు ఎన్ని మూతలు పెట్టినా ఆ కుండ దగ్గరికే వస్తాయి. ఇంట్లోవి ఇష్టపడేది చేలోవి ఇష్టపడవా? కరువాడు వేయించి, దంచి, నల్లపొడి కలిపి పెట్టింది. మర్నాడు ఏడు ఎలుకలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఆఫీసు వాళ్ళకు తట్టనిది తనకు తట్టిందని వసంతమ్మ లోలోపల మురిసిపోయింది. మొగుడికి మాత్రం చెప్పలేదు. చెబితే కరువాడు తగలేసిందని సంతలో చెబుతాడు. మంగళవారం సాయంత్రం మరో విడత పెట్టి, కన్నాలకు మట్టి కప్పి వచ్చింది. ఎలుకకు ఆ మట్టి చాలు. వేయించిన కరువాటి వాసన తగిలిన కుక్కకు ఆ మట్టి ఒక లెక్కా? అంత దూరం ఆలోచించలేదు ఆ మహాతల్లి.

బుధవారం పొద్దు పొడిచిన కాసేపటికి పలమనేరోడు తూలుతూ ఇంటికి వచ్చాడు. ముక్కు నుంచి కళ్ళ దాకా మట్టి. మూతికి నల్లగా అంటుకొని ఉంది. గడ్డివామి పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది. వసంతమ్మ పాలచెంబు కింద పెట్టి పరుగెత్తింది. దగ్గరికి వంగగానే కరువాటి వాసన, దాని వెంట ఆ పొడికుండే వెల్లుల్లి లాంటి వాసన గుప్పున కొట్టాయి. ఏం తిన్నాడో, ఎక్కడ తిన్నాడో ఆమెకు అంతా తెలిసిపోయింది.

"ఇదో, బిరాన ఇట్ల రా!" అని కేక పెట్టింది.

ధనంజయ నోట్లో పళ్ళపొడితో వచ్చాడు. కుక్కను చూశాడు. పొడి ఉమ్మేశాడు.

"ఎవడు? ఏ నా కొడుకు పెట్టినాడు దీనికి మందు?"

"ఇదో, నా మాట ఇను, అది..."

"నువ్వు నోరు మూసుకో. ఎవడో నాకు తెలుసు. ఆ సెయ్యి ఇరగ! ఆ పెట్టిన సెయ్యి నరికి గెనిమ మీద పాతిపెడతా. వాని కంచంలో మన్ను పడ! వాని కొంప కూల!"

వసంతమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఆ తిట్లన్నీ తనకు చేరుతున్నాయని తిట్టే మనిషికి తెలియదు. ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకున్నాడా, చెప్పేసేది. ఆయన ఆగలేదు.

ఆయన మనసులో ఉన్నది పక్క చేని మునిరామయ్య. వసంతమ్మ అతన్ని అన్నా అంటుంది, కాబట్టి ధనంజయకు బావ. రెండు నెలల కిందట పలమనేరోడు వెళ్ళి అతని చేలో మొక్కలు తవ్వితే, "కట్టేసుకో బావా, లేకుంటే ఏదో ఒకటి పెడతా" అన్నాడు. నలుగురి ముందు కోపంలో అన్న మాట. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడా మాటే ధనంజయకు సాక్ష్యం అయింది.

కేకలు విని ఎదురింటి నాగులమ్మ ఒక చేత్తో చింతపండు పులుసు, ఇంకో చేత్తో సెనగనూనె గిన్నె పట్టుకొని వచ్చింది. మంచి మనిషి నాగులమ్మ. ఆమె మంచితనానికి ఆలోచన ఒక్కటే తక్కువ.

"నోరు తెరవండమ్మా దానికి, ఇది పోస్తే అంతా కక్కేస్తాది!"

"వద్దత్తా, పోయొద్దు!" అంది వసంతమ్మ.

"పోయకపోతే సస్తాది గదే!"

"పోస్తేనే సస్తాది. నూనె తగలకూడదు."

"నీకెట్ల తెలుసు?"

వసంతమ్మ ఇంకా నోరు తెరవక ముందే ధనంజయ కుక్క దవడలు పట్టుకొని "పొయ్యత్తా, దీని మాటలేంది" అన్నాడు. నాగులమ్మ వంగింది. వసంతమ్మ గిన్నెను ఒక్క తోపు తోసింది. నూనె నాగులమ్మ చీర మీద, పులుసు ధనంజయ పంచె మీద పడ్డాయి.

"పిచ్చి పట్టిందా నీకు? నా కుక్క సస్తా ఉంటే మందు తోసేస్తావా?" అని ధనంజయ గుడ్లురిమాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నూనె ఎందుకు తోసేసిందో ఎవరూ అడగలేదు. అందరూ తిట్టారు. అడగకుండా తిట్టే చోట నోరు తెరవాలంటే దానికి వేరే గుండె కావాలి. ఆ గుండె తనకు లేనందుకు ఆమెకు తన మీదే అసహ్యం పుట్టింది.

పాల సొసైటీలో పనిచేసే జయరావు సైకిలుకు క్యాన్లు కట్టుకొని అటే వచ్చాడు. దిగి, కుక్క కనురెప్ప ఎత్తి చూశాడు.

"ధనంజయా, ఎవరు పెట్టినారనేది సాయంత్రం సూసుకోవచ్చు. ఏం పెట్టినారో అది కావాల ఇప్పుడు. పురుగుల మందుకు ఒక సూది, ఎలుకల మందుకు ఇంకో వైద్యం. తెలీకుండా డాక్టరు మాత్రం ఏం సేస్తాడు? పొట్లమో డబ్బానో దొరికితే పట్టుకొని పాకాల పశువుల ఆసుపత్రికి పోండి. ఈడ ఏమీ తాపొద్దు."

"ఏం పెట్టినాడో వాన్నే అడుగుతా" అని ధనంజయ తువ్వాలు విదిలించి నడిచాడు. వీధి వీధంతా వెంట నడిచింది. పాలు విరిగిపోతాయని జయరావు సైకిలెక్కాడు.

గడ్డివామి దగ్గర వసంతమ్మ, కుక్క మిగిలారు. అది ఆమె కాలి మీద తల పెట్టింది. మీగాళ్ళకు దాని చొంగ తగిలింది. ఆమె లేచి ఇంట్లోకి పరుగెత్తి, అటక మీద కుండ వెనక దాచిన సగం పొట్లం తీసి బొడ్లో దోపుకుంది. కుక్కను ఎత్తుకొని పోదామంటే ఇరవై కేజీల బరువు, పాకాల నాలుగు మైళ్ళ దూరం. బస్సు వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆ వీధిలో ఎద్దులబండి ఉన్నది ఒక్క మునిరామయ్యకే. ఆ గుమ్మం ముందరే ఇప్పుడు తన మొగుడు రంకెలు వేస్తున్నాడు.

గోనెపట్ట తడిపి కుక్క మీద కప్పి ఆమె అక్కడికి వెళ్ళేసరికి వ్యవహారం చాలా దూరం పోయింది. మునిరామయ్య పెట్టలేదన్నాడు. పెట్టావని ధనంజయ అన్నాడు. లేదంటే లేదని అతను, అవునంటే అవునని ఈయన. పెద్దమనిషి దేవరాజులును పిలిపించాలని ఒకడు. ఆయన పూజలో ఉన్నాడు, కానిమ్మని ఇంకొకడు. ఆయన తీరిగ్గా నామం పెట్టుకొని, చెప్పులేసుకొని వచ్చి, కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేసి కర్పూరం ఆర్పేస్తే పోతుంది కదా అన్నాడు. కర్పూరం ఎవరింట్లోనూ లేదు. అంగడి తెరిపించాలి. ఒక కుక్క నురగలు కక్కుతుంటే ఇంతమంది పెద్దలు కర్పూరం బిళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు! అప్పటికి పొద్దు బారెడెక్కింది.

కర్పూరం వచ్చింది. రాతి మీద వెలిగించారు.

"ఆర్పు. నేను పెట్టలేదని సెప్పి ఆర్పు" అన్నాడు ధనంజయ.

మునిరామయ్య కదల్లేదు. "ఆర్పను."

"ఆ! సూసినారా? సూసినారా అందరూ?"

"నా కూతురు నిండు సూలాలు, లోపల ఉండాది. తొమ్మిదో నెల. కడుపుతో ఉన్న బిడ్డ ఇంట్లో ఉండంగా మా వంశంలో ఎవరూ ప్రమాణం సెయ్యరు. నిజానికీ సెయ్యరు, అబద్ధానికీ సెయ్యరు. కాన్పు కానీ, ఎన్ని కర్పూరాలైనా ఆర్పుతా."

"ఎంత బాగా దొరికిందప్పా సాకు!"

గుంపులో నుంచి నవ్వులు వచ్చాయి. ఆ నవ్వులు వినగానే వసంతమ్మ అరికాలి మంట నెత్తికెక్కింది. మునిరామయ్య భార్య వరదమ్మ తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. "వసంతా, నువ్వన్నా సెప్పు తల్లీ, మీ అన్న అట్లాంటోడా?" అంది. దేవరాజులు గొంతు సవరించుకొని, ప్రమాణానికి వెనకాడితే తప్పు ఒప్పుకున్నట్టేనని తీర్పు లాంటిది చెప్పబోయాడు. మునిరామయ్య మొహం నల్లబడింది. మెల్లగా వంగి మంట మీదికి చెయ్యి చాచాడు. వెంటనే లోపలి నుంచి కూతురు పంకజాక్షి పొట్ట పట్టుకొని గడప దాటి, "వద్దు నాయనా, వద్దు" అంటూ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయాసంతో ఆ పిల్లకు మాట సరిగ్గా రావడం లేదు.

వసంతమ్మ ఎప్పుడు నడిచిందో ఆమెకే తెలియదు. గుంపును తోసుకుంటూ వచ్చి, రాతి మీద మండుతున్న కర్పూరాన్ని కాలితో తన్నింది. బొడ్లోంచి పొట్లం తీసి మొగుడి కాళ్ళ దగ్గర పడేసింది.

"నేను పెట్టినా."

"ఏంది?" అన్నాడు ధనంజయ.

"మందు నేను పెట్టినా. ఎలుకలకు. కరువాట్లో కలిపి మన గెనిమ కన్నాల్లో పెట్టినా. అది తవ్వుకొని తినింది. నువ్వు పొద్దున్నించి తిట్టినవన్నీ నాకే తగిలినాయి. ఇంకా ఏమన్నా మిగిలుంటే బండిలో కూర్చోని తిట్టు." గుంపు వైపు తిరిగింది. "దేవరాజులన్నా, నువ్వు ఇంటికి పో. మీరూ పోండి, నవ్వినోళ్ళంతా పోండి. మునిరామన్నా, నాకు సిగ్గుగా ఉండాది నీ మొహం సూసేదానికి. అయినా అడుగుతా ఉండా. బండి కట్టు."

మునిరామయ్య కూతుర్ని లోపలికి పంపి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నీ మొగుడి కోసం కాదు, నీ కోసమూ కాదు" అన్నాడు ఎద్దుల తాళ్ళు విప్పుతూ. "నోరు లేని జీవం. దాని కోసం కడతా ఉండా." ఆ మాటలో కోపం అట్లాగే ఉంది. ఉండటమే న్యాయం అనుకుంది వసంతమ్మ.

పాకాల దారిలో ధనంజయ కుక్క తలను ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నోరు మాత్రం ఊరుకోలేదు.

"కరువాట్లో కలిపిందంట! నూకల్లో కలపమని ఆఫీసోళ్ళు సెప్పినారు గదా? ఎవరన్నా కరువాట్లో కలుపుతారా అప్పా?"

ఎదురొచ్చిన గడ్డిబండి మనిషి ఏమైందని అడిగితే ఆయనకూ చెప్పాడు. రైలు గేటు వేసి ఉంటే గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరికి చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పటికి కథ చక్కగా కుదిరింది. కరువాడు దంచడం, మొగుడికి చెప్పకపోవడం, నూనె గిన్నె తోసేయడం, అన్నీ వరసగా వచ్చాయి. కర్పూరం సంగతి ఒక్కటి అందులో లేదు. వసంతమ్మ వింటూ కూర్చుంది. మామూలుగా అయితే తల వంచుకునేది. ఈసారి వంచలేదు. మునిరామయ్య ఎద్దులను అదిలించాడు తప్ప వెనక్కి తిరగలేదు.

ఆసుపత్రిలో డాక్టరు నెల్లూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నిక్కచ్చిగా మాట్లాడతాడు. పొట్లం చేతికివ్వగానే వెలుగులో పెట్టి చదివాడు.

"ఇది తేవడం మంచి పని. నూనె, పాలు ఏమైనా తాగించారా?"

"లేదు సార్" అంది వసంతమ్మ.

"చింతపండు?"

"లేదు సార్. పోయనీలేదు."

డాక్టరు తల ఊపి, కాంపౌండరును కేకేసి వంటసోడా నీళ్ళు కలపమన్నాడు. గొంతులోకి గొట్టం దించి కడుపు కడిగారు. కాలికి సూది గుచ్చి సీసా తగిలించారు. వసంతమ్మ కుక్క వెనక కాళ్ళు పట్టుకుంది. ధనంజయ తల పట్టుకున్నాడు. కడుపులోంచి వచ్చిన నీళ్ళు నల్లగా ఉన్నాయి, ఆ తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత కొంచెం తేటగా. అవి తేటబడుతుంటే వసంతమ్మకు ఆశ పుట్టింది. పలమనేరోడు ఒకసారి కళ్ళు తెరిచి, ఎవరి వైపో తెలియకుండా చూశాడు. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. జరిపి విన్నాడు. మరోసారి విన్నాడు. తర్వాత సూది పీకేసి, సీసా పక్కన పెట్టాడు.

వసంతమ్మ దాని కాళ్ళు వదల్లేదు. కాంపౌండరే వచ్చి ఆమె వేళ్ళు విడదీశాడు.

డాక్టరు సబ్బుతో చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఎన్నింటికి తిన్నది ఇది?"

"పొద్దు పొడిసేటప్పుడు సార్. ఆరు అయిండొచ్చు."

"ఇక్కడికి వచ్చేసరికి పదిన్నర. మీ ఊరు నాలుగు మైళ్ళేగా. ఏం తిన్నదో మీకు ఎప్పుడు తెలిసింది?"

"సూసిన ఎంటనే తెలిసింది సార్."

డాక్టరు కుళాయి కట్టేశాడు. ఆయనకూ కోపం వచ్చింది, దాచుకోలేదు. "మీరు తెచ్చేసరికి కూడా కడుపులో మందు సగం అలాగే ఉంది. గంటన్నర ముందు వచ్చి ఉంటే నేను దీన్ని నడిపించి పంపేవాణ్ణి. తెలిసి కూడా ఇంతసేపు ఏం చేశారమ్మా?"

"అదే సార్ నేను సెప్పేది" అని ధనంజయ ముందుకొచ్చాడు. "ఈమె నాకు సెప్పకుండా కరువాట్లో కలిపి..."

"కలిపిన సంగతి నేను అడగలేదయ్యా. ఎలుకలకు ఎవరైనా కలుపుతారు. ఆరు నుంచి పదిన్నర దాకా ఏం చేశారని అడుగుతున్నాను."

ధనంజయ భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. చేతులకంటిన చొంగ చీరకు తుడుచుకుంది.

"సార్ అడుగుతా ఉండాడు" అంది. "నువ్వు సెప్పు."

ధనంజయ నోరు తెరిచాడు. డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆగాడు. గుమ్మంలో నిలబడ్డ మునిరామయ్య కూడా వినడానికి ఇటు తిరిగాడు.